అర్దెషీర్ గోద్రెజ్

అర్దెషీర్ బుర్జోర్జీ సొరాబ్జీ గోద్రెజ్ (మార్చి 26, 1868 - జనవరి 1936) భారతీయ పారిశ్రామికవేత్త, ఆవిష్కర్త, గోద్రెజ్ సంస్థ స్థాపకుడు. ఉక్కు బీరువాను ఏ కంపెనీ తయారు చేసినా దానిని గోద్రెజ్ బీరువా అనే పిలవడం తెలుగునాట వాడుక. ఆ పేరు ఈయన ఇంటిపేరే. తాళములతోను, ఇనుప పెట్టెలతోను ప్రసిద్ధుడైన ఈయన తన యాభయ్యవ ఏట సబ్బు తయారీ వైపు మళ్ళాడు. జంతువుల కొవ్వు కలపకుండా కేవలం మొక్కల నూనెలతో చేసిన సబ్బును దేశమంతటా అమ్మకానికి తెచ్చాడు. స్నానపు సబ్బు నుండి గడ్డము గీసుకొను సబ్బు వరకు, ముఖానికి రాసుకొనే వస్తువులో ఏమున్నదో తెలుసుకొనే హక్కు కొనేవాడికి ఉన్నదన్న ఆలోచన ఈయన వ్యాపారములో కనిపిస్తుంది.

బాల్యము, వివాహము

అర్దెషీర్ బొంబాయిలో పార్సీ కుటుంబములో జన్మించాడు. తండ్రి బుర్జోర్జీ, తాత సొరాబ్జీ స్థలముల, ఇళ్ళ వ్యాపారము చేసేవారు. ఆరుగురు సంతానములో ఈయనే పెద్దవాడు. ఈయన తమ్ముడు పిరోజ్‌షా (జననం 1882) తరువాతి కాలములో సంస్థకు రెండవ స్తంభముగా నిలిచాడు. ఇంటిపేరు మొదట గూథెరాజీ అని ఉండేది. 1871లో దానిని గోద్రెజ్ అని మార్చుకొన్నారు.

1890లో అర్దెషీరుకు బచూబాయితో వివాహమైనది. మరుసటి సంవత్సరము, 1891 ఏప్రిల్ 25న, బచూబాయి తన బంధువైన పిరోజ్‌బాయితో కలిసి బొంబాయి విశ్వవిద్యాలయములోని రాజాబాయి గడియార గోపురము చూడడానికి వెళ్ళినది. ఆ ఇద్దరు స్త్రీలూ గోపురము పైనుండి పడి మరణించారు. వారిపై దౌర్జన్యము జరిగినదన్న అనుమానముతో నడిచిన ఆ కేసు నాటి బొంబాయి నగరమును కుదిపివేసినది. అర్దెషీర్ మళ్ళీ వివాహము చేసుకొనలేదు. ఆయనకు సంతానము లేదు.

న్యాయవాద వృత్తి

న్యాయశాస్త్రము చదివిన అర్దెషీరును 1894లో ఒక బొంబాయి న్యాయవాదుల సంస్థ ఒక కేసు నిమిత్తము తూర్పు ఆఫ్రికాలోని జాంజిబారుకు పంపినది. మొదట అంతా సవ్యముగానే సాగినది. కాని కేసు గెలవాలంటే తన పక్షమువారి కోసము సత్యమును వంచి చెప్పవలసి వస్తుందని అర్దెషీరుకు అర్థమైనది. అందుకు ఆయన ఒప్పుకొనలేదు. కక్షిదారులు, తోటి న్యాయవాదులు ఎంత నచ్చచెప్పినా వినక, వృత్తినే వదిలి బొంబాయికి తిరిగి వచ్చాడు. ఆ తరువాత న్యాయవాదిగా మరెన్నడూ పని చేయలేదు.

మొదటి ప్రయత్నము, మొదటి నష్టము

చేతిలో వృత్తి లేని అర్దెషీర్ ఒక మందుల దుకాణములో సహాయకుడిగా చేరాడు. శస్త్రచికిత్సకు వాడే చిన్న కత్తులు, పట్టకారులు, కత్తెరలు వంటివి విదేశముల నుండి వచ్చుట చూసి, వాటిని ఇక్కడే చేయవచ్చునని భావించాడు. కుటుంబ మిత్రుడైన మేర్వాన్‌జీ కామా వద్ద 3,000 రూపాయలు అప్పు తీసుకొని పని ప్రారంభించాడు. పరికరములు బాగానే కుదిరినవి. కొనుటకు ముందుకు వచ్చిన వ్యాపారికి కూడ నాణ్యత విషయములో అభ్యంతరము లేదు. పేచీ అంతా వాటి మీద వేసే ముద్ర వద్ద వచ్చినది. భారతదేశములో తయారైనదని ముద్ర వేస్తే ఎవరూ కొనరని వ్యాపారి వాదన. ఆ ముద్ర లేకుండా అమ్మనని అర్దెషీర్ పట్టుదల. బేరము చెడినది, వ్యాపారము మూతపడినది. అప్పటికి ఆయన వయస్సు ముప్పై ఏళ్ళకు లోపే. రెండు వృత్తులు చేజారిన యువకుడికి మళ్ళీ అప్పు ఇచ్చిన మేర్వాన్‌జీ కామా పేరును కూడ ఈ కథలో మరువరాదు.

తాళములు, ఇనుప పెట్టెలు

బొంబాయిలో దొంగతనములు పెరిగిపోయినవని, ఇళ్ళకు గట్టి తాళములు అవసరమని పత్రికలో చదివి అర్దెషీర్ తాళముల తయారీకి పూనుకొన్నాడు. 1897 మే 7న లాల్‌బాగ్ ప్రాంతములో గ్యాసు కర్మాగారము ప్రక్కన ఒక చిన్న షెడ్డులో పని మొదలైనది. స్ప్రింగు లేని తాళము ఈయన ముఖ్యమైన ఆవిష్కరణ. స్ప్రింగు విరిగితే తాళము పనికిరాకుండా పోతుంది, కాబట్టి స్ప్రింగే లేకుండా చేయుట ఆయన ఉపాయము. 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో అగ్నికి తట్టుకొనే ఇనుప పెట్టెలు, 1923 నుండి ఉక్కు బీరువాలు వచ్చినవి. మేర్వాన్‌జీ కామా బంధువైన బాయిస్ కొంతకాలము భాగస్వామిగా ఉండి వెళ్ళిపోయాడు. అయినా గోద్రెజ్ అండ్ బాయిస్ అన్న పేరులో ఆయన పేరు నిలిచిపోయినది.

సబ్బు తయారీ

అప్పట్లో విదేశముల నుండి వచ్చే సబ్బులలో ఎక్కువ భాగము పశువుల కొవ్వుతో చేసినవి. ఆవు కొవ్వు హిందువులకు, పంది కొవ్వు ముస్లిములకు నిషిద్ధము. కొవ్వు పూసిన తూటాల పుకారు 1857 తిరుగుబాటుకు ఒక కారణమైన దేశములో ఇది చిన్న విషయము కాదు. శాకాహార నియమము గల కుటుంబములలో సబ్బు వంటింటి దరిదాపులకు రానిచ్చేవారు కాదు. శనగపిండి, కుంకుడుకాయ, శీకాయలే వారికి ఒంటికి, తలకు రుద్దుకొనే సామగ్రి.

1918లో అర్దెషీర్ మొక్కల నూనెలతో చేసిన సబ్బును చావి అనే పేరుతో అమ్మకానికి పెట్టాడు. గుజరాతీలో చావి అనగా తాళపుచెవి. తాళముల వ్యాపారి సబ్బుకు తగిన పేరే. తరువాత నంబర్ 2 అనే సబ్బు వచ్చినది. నంబర్ 1 దాని తరువాత, 1922లో వచ్చినది. రెండవ రకమే ఇంత బాగుంటే మొదటి రకము ఇంకెంత బాగుంటుందో అని జనము అనుకొంటారన్నది ఈ వింత క్రమానికి కారణముగా చెబుతారు. నంబర్ 1 సబ్బు శతాబ్దము దాటిన తరువాత కూడ దుకాణములలో లభిస్తున్నది.

చావి ప్రపంచములోనే మొట్టమొదటి శాకాహార సబ్బు అని తరచుగా వ్రాస్తుంటారు. ఇది సరికాదు. సిరియాలోని అలెప్పోలోను, ఫ్రాన్సులోని మార్సెయిలోను ఆలివ్ నూనెతో సబ్బు చేయుట అంతకు శతాబ్దముల ముందునుండే ఉన్నది. భారతదేశములో కూడ ఇదే కాలములో కొబ్బరినూనె ఆధారముగా టాటా ఆయిల్ మిల్స్ (1917) ఏర్పడినది. మోక్షగుండమునకు చెందిన వంశీకుడు విశ్వేశ్వరయ్య దివానుగా ఉండగా మైసూరు ప్రభుత్వము చందనపు సబ్బుకు శ్రీకారము చుట్టినది. అర్దెషీర్ ఘనత వేరొకచోట ఉన్నది. సబ్బులో కొవ్వు లేదన్న సంగతిని దాచిపెట్టకుండా, అదే తన సరుకు ప్రధాన గుణముగా ప్రకటించి, విదేశీ సబ్బుతో నాణ్యతలో పోటీకి నిలిపాడు. రవీంద్రనాథ్ ఠాగూరు ఈ సబ్బును మెచ్చుకొంటూ ప్రకటనకు తన పేరు ఇచ్చాడు.

గడ్డపు సబ్బు సమస్య

స్నానపు సబ్బు కంటె గడ్డము గీసుకొను సబ్బు చేయుట కష్టము. ఈ సంస్థ గుండ్రని గడ్డపు సబ్బు బిళ్ళ, తరువాత గడ్డపు క్రీము కూడ దేశమంతటా వాడుకలోకి వచ్చినవి. వాటి వెనుకనున్న చిక్కును కొంత వివరించుట అవసరము.

పూర్వము తెలంగాణ పల్లెలలో, బోధన్, రెంజల్ వంటి ప్రాంతములలో సైతము, మంగలి పొదిలో కత్తి, సానరాయి, నీళ్ళ గిన్నె, పటిక ముఖ్యమైనవి. నీళ్ళతో వెంట్రుకను బాగా నానబెట్టి గీయుటే పద్ధతి. సబ్బు చేసేది కూడ ఇదే పని, కాని నీటిని వెంట్రుకకు అంటి ఉండేలా పట్టి ఉంచుతుంది. కత్తి చర్మముపై జారుటకు వీలు కల్పిస్తుంది. స్నానపు సబ్బు నురుగు పెద్ద బుడగలతో లేచి క్షణములో చప్పబడుతుంది. గడ్డమునకు కావలసినది సన్నని బుడగలతో, మీగడవలె చిక్కగా, గీయుట పూర్తి అయ్యేవరకు ఆరని నురుగు.

నురుగు స్వభావము నూనెను బట్టి ఉంటుంది. కొబ్బరినూనెలో లారిక్ ఆమ్లము ఎక్కువ. దానితో నురుగు త్వరగా, సమృద్ధిగా వస్తుంది, కాని నిలువదు. మోతాదు మించితే చర్మమును పొడిబారుస్తుంది. చిక్కగా నిలిచే నురుగును ఇచ్చేది స్టియరిక్ ఆమ్లము. పశువుల కొవ్వులో ఇది పుష్కలము, అందుకే పాశ్చాత్యులు గడ్డపు సబ్బుకు కొవ్వును ఇష్టపడ్డారు. కొవ్వు వదలివేసినవాడు అదే గుణమును మొక్కల నూనెల నుండి రాబట్టవలెను. క్షారము విషయములో కూడ జాగ్రత్త కావాలి. సోడా క్షారముతో సబ్బు గట్టిబడుతుంది, పొటాషు క్షారముతో మెత్తబడి నీటిలో సులభముగా కరుగుతుంది. రెండింటినీ తగిన పాళ్ళలో కలిపితేనే బ్రష్షుకు అందే బిళ్ళ తయారవుతుంది. సబ్బుగా మారని క్షారము కొంచెము మిగిలినా, అప్పుడే కత్తి నడిచిన చర్మము మండుతుంది. గ్లిసరిన్ చర్మములో తడిని నిలుపుతుంది.

సబ్బు ఎంత మంచిదైనా నీరు సహకరించకపోతే నురగదు. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణములు సబ్బుతో కలిసి తెల్లని తెట్టుగా మారతాయి. కఠిన జలము వాడేవారు సబ్బును నిందించుటకు ముందు వాన నీటితోనో, కాచి వడకట్టిన నీటితోనో ఒకసారి చూసుకొనుట మంచిది. చర్మము సున్నితమైనవారు కొత్త సబ్బును ముందుగా మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి, ఒక రోజు ఆగి, దద్దుర్లు, దురద లేకపోతేనే ముఖమునకు వాడవలెను. సువాసన ద్రవ్యముల వలన మంట కలిగేవారికి వాసన లేని రకము మేలు. ముఖమును గోరువెచ్చని నీటితో రెండు మూడు నిమిషములు తడిపి ఉంచితే నాసిరకపు సబ్బుతో కూడ పని సగము తేలిక అవుతుంది.

స్వదేశీ ఉద్యమము

అర్దెషీర్ స్వాతంత్ర్యోద్యమ అభిమాని. 1921లో తిలక్ స్వరాజ్య నిధికి 3 లక్షల రూపాయలు విరాళము ఇచ్చాడు. అప్పట్లో అది చాల పెద్ద మొత్తము. అయినా స్వదేశీ నాయకులతో ఆయనకు ఒక విషయములో విభేదము ఉండేది. దేశములో తయారైనదన్న కారణముతో నాసిరకము వస్తువును భరించమని ప్రజలను కోరుట తప్పని ఆయన అభిప్రాయము. అటువంటి త్యాగము కొంతకాలమే సాగుతుందని, ఆ తరువాత కొనుగోలుదారు విదేశీ సరుకుకే మళ్ళుతాడని ఆయన భయపడ్డాడు. శస్త్రచికిత్స పరికరములపై దేశపు పేరు వేయుటకు నష్టపడినవాడే ఈ మాట అన్నాడని గుర్తుంచుకొంటే ఇందులో వైరుధ్యము కనిపించదు. ముద్రకు విలువ నాణ్యత వలననే వస్తుందని ఆయన నమ్మకము.

మరొక సబ్బు తయారీదారు తన సరుకుకు ఆశీస్సులు కోరగా, గోద్రెజ్ పట్ల గల గౌరవము వలన గాంధీజీ నిరాకరించాడని సంస్థ చరిత్రలో చెప్పుకొంటారు.

చివరి రోజులు

1928లో సంస్థను తమ్ముడు పిరోజ్‌షాకు అప్పగించి అర్దెషీర్ నాసిక్ వెళ్ళి వ్యవసాయము చేపట్టాడు. సబ్బుల విభాగము గోద్రెజ్ సోప్స్ పేరుతో ప్రత్యేక కంపెనీగా నమోదైనది అదే సంవత్సరము. 1936 జనవరిలో అర్దెషీర్ మరణించాడు.

అనంతర చరిత్ర

పిరోజ్‌షా 1943లో బొంబాయి శివారులోని విక్రోలీలో విస్తారమైన భూమి కొని కర్మాగారములు నెలకొల్పాడు. 1951-52 మొదటి సార్వత్రిక ఎన్నికలకు ఉక్కు బ్యాలెట్ పెట్టెలను లక్షల సంఖ్యలో తయారు చేసినది ఇక్కడే. పిరోజ్‌షా కుమారుడు బుర్జోర్ జర్మనీలో రసాయన శాస్త్రము చదివి వచ్చి సబ్బుల విభాగము బాధ్యత వహించాడు. సింథాల్ సబ్బు 1952లో విడుదలైనది. గోద్రెజ్ సోప్స్ 2001లో రెండుగా విడిపోయి, సబ్బుల వ్యాపారము గోద్రెజ్ కన్స్యూమర్ ప్రోడక్ట్స్ అనే కంపెనీకి చేరినది. 2024లో గోద్రెజ్ కుటుంబము ఆస్తులను పంచుకొనగా తాళములు, బీరువాల వ్యాపారము ఒక శాఖకు, సబ్బుల వ్యాపారము మరొక శాఖకు దక్కినవి.