లెక్కల మాస్టారు పుస్తకాల పని నేర్చిన తీరు

గ్రంథాలయంలో పని అంటే బీరువా తాళాలు దగ్గర పెట్టుకుని కూర్చోవడమేనని ఒకప్పుడు చాలామంది అనుకునేవారు. అదొక విద్య అనీ, చేత్తో చేసి నేర్చుకోవలసిన పని అనీ దేశానికి తెలియజెప్పినవాడు షియాలి రామామృత రంగనాథన్. భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడని పేరుపొందిన ఈయన మొదట్లో ఆ ఉద్యోగం వద్దని పారిపోజూసినవాడే కావడం విశేషం.

రంగనాథన్ 1892 ఆగస్టులో తంజావూరు జిల్లా షియాలిలో జన్మించారు. ఆరేళ్ళ వయసులోనే తండ్రి పోయారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో గణితంలో ఎం.ఏ. చదివి, 1917 నుంచి మంగళూరు, కోయంబత్తూరు, మద్రాసు ప్రభుత్వ కళాశాలల్లో లెక్కలు చెప్పారు. పిల్లలకు పాఠం చెప్పడమంటే ఆయనకు ప్రాణం. అయితే మాస్టారి జీతం అంతంతమాత్రం. మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ పదవికి జీతం ఎక్కువ. అయినవాళ్ళు ప్రోత్సహించగా దరఖాస్తు పెట్టారు. 1924 జనవరిలో ఉద్యోగం వచ్చింది.

చేరిన కొద్దిరోజులకే విసుగు పుట్టింది. చదువరులు రారు, మాట్లాడే మనిషి ఉండడు, పుస్తకాలు బీరువాల్లో మూలుగుతుంటాయి. పాత కళాశాలకు వెళ్ళి తన పని తనకిప్పించమని ప్రాధేయపడ్డారు. ముందు ఇంగ్లాండు వెళ్ళి ఈ పని నేర్చుకుని రావాలని, అప్పటికీ మనసు కుదరకపోతే లెక్కల ఉద్యోగం తిరిగి ఇస్తామని పెద్దలు ఒప్పించి పంపారు.

క్రాయ్‌డన్‌లో పని

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో బెర్విక్ సేయర్స్ అనే గురువు దొరికారు. ఆయన క్రాయ్‌డన్ పట్టణ గ్రంథాలయానికి అధిపతి. తరగతి పాఠంతో పని రాదని గ్రహించి శిష్యుణ్ణి తన గ్రంథాలయంలోనే పనిలో పెట్టారు. ఎం.ఏ. చదివి కళాశాలలో పాఠాలు చెప్పిన మనిషి అక్కడ మళ్ళీ అ ఆల నుంచి మొదలుపెట్టారు. పుస్తకం వచ్చింది మొదలు పాఠకుడి చేతికి చేరేదాకా ఉండే పనులన్నీ చూశారు. పుస్తకాన్ని రిజిస్టరుకెక్కించడం, విషయం తేల్చి నంబరు వేయడం, కార్డు రాయడం, అరలో సరైన చోట నిలపడం, అడిగినవారికి ఇచ్చి తిరిగి జమ చేసుకోవడం - ఏ ఒక్కటి తప్పినా పుస్తకం ఉండీ లేనట్టే.

అంతటితో ఆగక దేశంలో మరెన్నో గ్రంథాలయాలు తిరిగి చూశారు. కూలీలు, ఆడవారు, పిల్లలు సైతం వచ్చి పుస్తకాలు పట్టుకెళ్ళడం ఆయన మనసును కదిలించింది. మన దేశంలో ఇది ఎందుకు జరగకూడదన్న పట్టుదల అప్పుడే పుట్టింది. లెక్కల ఉద్యోగం ఆలోచన పోయింది.

పుస్తకాలకు నంబర్లు వేసే పాత పద్ధతులు మాత్రం ఆయనకు నచ్చలేదు. కొత్త విషయం వస్తే వాటిలో చోటు దొరికేది కాదు. ఒకనాడు లండన్‌లో పెద్ద దుకాణంలో మెకానో బొమ్మ చూశారు. అవే రేకుముక్కలు, అవే మరలు. బిగించే తీరును బట్టి ఒక్కోసారి ఒక్కో వస్తువు తయారవుతుంది. విషయాలను కూడా ముక్కలు చేసి కలపవచ్చునని తట్టింది. వరి తెగుళ్ళ మీద పుస్తకం ఉందనుకుందాం. వ్యవసాయం ఒక ముక్క, వరి ఒక ముక్క, తెగులు ఒక ముక్క, ప్రాంతం ఒక ముక్క. వీటిని కలిపితే ఆ పుస్తకం నంబరు వస్తుంది. ముక్కల మధ్య రెండు చుక్కల గుర్తు, అంటే కోలన్, వాడినందున దీనికి కోలన్ వర్గీకరణ అని పేరు. ఇది 1933లో అచ్చయింది.

బీరువాలు తెరిచారు

1925లో మద్రాసు తిరిగి వచ్చి బీరువాల తలుపులు తెరిపించారు. పాఠకుడు తానే వెళ్ళి పుస్తకం తీసి చూసుకునే వీలు కల్పించారు. రోజుకు పదమూడు గంటలు, సెలవు లేకుండా పనిచేసేవారని చెబుతారు. 1931లో ఐదు సూత్రాలు ప్రకటించారు. పుస్తకం ఉన్నది దాచడానికి కాదు, వాడటానికి. ప్రతి చదువరికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన చదువరి దొరకాలి. చదువరి కాలం వృథా కారాదు. గ్రంథాలయం నిత్యం పెరిగేది అని వాటి సారాంశం.

తాను నేర్చింది తనతోనే ఉంచుకోలేదు. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం ఏర్పడగా కార్యదర్శి అయ్యారు. 1929లో ఆ సంఘం తరఫున వేసవి శిక్షణ తరగతులు మొదలయ్యాయి. తరువాత విశ్వవిద్యాలయమే వాటిని చేపట్టింది. ఆయన ప్రేరణతో 1931లో మన్నార్‌గుడి చుట్టుపక్కల పల్లెలకు ఎడ్లబండి మీద పుస్తకాలు వెళ్ళాయి.

తెలుగునాట 1914లోనే అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషితో బెజవాడలో గ్రంథాలయ సంఘం వెలసింది. ఊరూరా ఉత్సాహం ఉన్నా నిలకడైన రాబడి లేక ఎన్నో గ్రంథాలయాలు మూతపడేవి. రంగనాథన్ ఏళ్ళతరబడి చేసిన కృషి ఫలితంగా 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చింది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసే ఏర్పాటు అందులో ఉంది. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని కోస్తా, రాయలసీమ జిల్లాలకు అది వర్తించింది. రాష్ట్రమంతటికీ ఒకే చట్టం 1960లో వచ్చింది. జిల్లా గ్రంథాలయ సంస్థలు నడిచేది ఆ చట్టం కిందనే.

1957లో పద్మశ్రీ అందుకున్న రంగనాథన్, గ్రంథాలయ శాస్త్ర ఆచార్య పదవి కోసం మద్రాసు విశ్వవిద్యాలయానికి లక్ష రూపాయలు విరాళమిచ్చారు. 1962లో బెంగుళూరులో శిక్షణ కేంద్రం నెలకొల్పారు. 1972 సెప్టెంబరు 27న అక్కడే కన్నుమూశారు. ఏటా ఆగస్టు 12న గ్రంథాలయాధికారుల దినోత్సవం జరిపేది ఆయన పేరనే.

పల్లె గ్రంథాలయంలో అడిగిన పుస్తకం వెదుకులాట లేకుండా చేతికందితే, ఆ వెనుక ఆయన నేర్పిన పని ఉన్నట్టే.