సుసన్నా రైట్: మరుగున పడిన సహోదరి

అమెరికా తొలి సంఘచరిత్ర అనగానే దైవజనుల పేర్లు వరుసగా చెబుతాం. సుసన్నా రైట్ పేరు ఎవరూ తలచరు.

1697లో ఇంగ్లండులో ఒక క్వేకర్ ఇంట పుట్టి, యౌవనంలో పెన్సిల్వేనియా చేరింది. ఆరాధనలో ఆత్మప్రేరణ కలిగితే స్త్రీ కూడా లేచి మాట్లాడే సంఘం వారిది. 1722లో తల్లి చనిపోయింది. తమ్ముళ్ల, చెల్లెళ్ల భారం ఆమె మోసింది; పెండ్లి చేసుకోలేదు.

తరువాత కుటుంబం సస్క్వెహానా నది ఒడ్డుకు మారింది. అప్పటికది అడవి అంచు. తండ్రి పడవల రేవు నడిపితే, ఆమె జేమ్స్ లోగన్ వంటి పండితులతో పుస్తకాల గురించి, బెంజమిన్ ఫ్రాంక్లిన్‌తో దేశవ్యవహారాల గురించి ఉత్తరాలు నడిపింది. పట్టుపురుగులు పెంచి బహుమానం పొందింది. నన్ను కదిలించేది మాత్రం వేరు: ఇరుగుపొరుగు వారికి వీలునామాలు, దస్తావేజులు రాసిపెట్టేది, జబ్బుపడితే మందిచ్చేది. ఇది పరిచర్య కాదని ఎవరనగలరు?

స్నేహితురాలు ఎలిజబెత్ నోరిస్‌కు రాసిన కవితలో, స్త్రీపై పురుషుని ఏలుబడి దైవశాసనమన్న వాదాన్ని నిలదీసింది. ఆదికాండము మూడవ అధ్యాయం ఎరిగిన మనలో కొందరికి ఇది మింగుడుపడదు. అయినా ఆమె విశ్వాసం విడిచి అడగలేదు, విశ్వాసంలో నిలిచే అడిగింది.

1784లో, 87 ఏళ్ల వయసులో కన్నుమూసింది. ఆమె కవితలు చేతిరాతలోనే చేతులు మారాయి. వాటిలో అనేకం మిల్కా మార్తా మూర్ అనే మరో క్వేకర్ సహోదరి తన నోటుపుస్తకంలో ఎత్తిరాసుకుంది. ఆ పుస్తకం అచ్చయింది 1997లో.