లండనులో మోహనదాసు జమాఖర్చులు

పొదుపు అన్నంతనే కడుపు కట్టుకొనుటయు, కోరికలను చంపుకొనుటయు పలువురకు స్ఫురించును. లోభికిని పొదుపరికిని గల భేదము లోకమునకు సులభముగా తోచదు. లోభి తన పెట్టెలోని ధనమును చూచుకొని సంతోషించును. పొదుపరి తన అవసరములు ఎంత తక్కువో తెలిసికొని సంతోషించును. ఈ రెండవ సంతోషము పుట్టుకతో వచ్చునది కాదు, అభ్యాసముచే అలవడునది. దానిని ఒక విద్యగా నేర్చినవారిలో మోహనదాసు కరంచంద్ గాంధీ అగ్రగణ్యుడు. ఆ విద్యకు ఓనమాలు దిద్దిన చోటు లండను నగరము. కాలము 1888 మొదలు 1891 వరకు.

మోహనదాసు 1869 అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో జన్మించెను. తండ్రి దివానుగిరి చేసినవాడే గాని ధనము కూడబెట్టవలెనను ఆశ లేనివాడు. ఆయన 1885లో గతించునప్పటికి కుటుంబమునకు మిగిలిన ఆస్తి స్వల్పము. తమ్ముని సీమకు పంపి బారిస్టరును చేయవలెనని పెద్దన్న లక్ష్మీదాసు సంకల్పించెను. తల్లి పుత్లీబాయి మద్యమును, మాంసమును, పరస్త్రీని ముట్టనని ప్రమాణము చేయించుకొని ఆశీర్వదించెను. బొంబాయిలోని కులపెద్దలు సముద్రయానము నిషిద్ధమని వెలివేసిరి. అన్న ఇచ్చిన సొమ్ము బావగారి యొద్ద దాచియుండెను. వెలికి వెరచి ఆయన దానిని ఇచ్చుటకు నిరాకరించెను. తుదకు ఒక కుటుంబమిత్రుని అప్పుతో ప్రయాణము సాగెను. 1888 సెప్టెంబరు 4వ తేదీన ఓడ ఎక్కిన ఆ యువకునకు పందొమ్మిదేండ్లు నిండలేదు. ఆతడు ఖర్చు పెట్టబోవు ప్రతి కాసును అన్నగారు కష్టపడి పంపవలసినదే.

లండనులో తొలి పాఠము విక్టోరియా హోటలులో జరిగెను. తిన్నది దాదాపు శూన్యము. బిల్లు మాత్రము మూడు పౌనులు. పౌనుకు ఇరువది షిల్లింగులు, షిల్లింగుకు పండ్రెండు పెన్నీలు చెల్లు దినములవి. ఆకలి తీరకయే అంత సొమ్ము చెల్లించి బయటపడిన మోహనదాసు నివ్వెరపోయెను. అయినను ఆ పాఠము వెంటనే తలకెక్కలేదు.

శాకాహారవ్రతము పట్టినవాడు నాగరికుల నడుమ కలియజాలడని ఒక మిత్రుడు బెంగపడుచుండెను. ఆ కొరతను వేషముచే పూడ్చవలెనని మోహనదాసు నిశ్చయించెను. బొంబాయిలో కుట్టించిన దుస్తులు మూలబడెను. పందొమ్మిది షిల్లింగులతో ఎత్తైన టోపీ వచ్చెను. బాండు వీథిలో పది పౌనులకు విందుల సూటు తయారయ్యెను. గడియారమునకు రెండు పేటల బంగారు గొలుసు కావలెనని వ్రాయగా అన్నగారు అదియు పంపెను. పెద్ద అద్దము ముందు నిలిచి టై కట్టుటకును పాపట దిద్దుటకును దినమునకు పది నిముషములు పట్టుచుండెను. నృత్యము నేర్చుటకు మూడు పౌనులు చెల్లించెను. మూడు వారములలో ఆరు పాఠములు జరిగినను పియానో లయకు అడుగు కుదరలేదు. చెవికి సంగీతము అలవడవలెనని మరి మూడు పౌనులతో ఫిడేలు కొనెను. ఉపన్యాసకళ నేర్పు గురువునకు ఒక గినీ ముట్టెను.

ఈ ముచ్చట మూడు మాసములు సాగెను. తాను జీవితకాలము ఇంగ్లండులో ఉండువాడు కాడు. తాను విద్యార్థి. సచ్ఛీలముచే పెద్దమనిషి అగుట సాధ్యమైన సరి. లేనిచో ఆ ఆశను విడువవలసినదే. ఇట్లు తలపోసి ఉపన్యాస గురువునకు క్షమాపణలేఖ వ్రాసెను. నృత్యము నేర్పువారికిని అట్లే తెలిపెను. ఫిడేలును వచ్చిన ధరకు అమ్మిపెట్టుమని సంగీతము నేర్పు ఆమెను కోరెను.

ఈ మూర్ఛ నుండి ఆతని మేల్కొల్పుటకు తోడ్పడినది ఒక చిన్న అలవాటు. వినోదముల నడుమ సహితము ఆతడు జమాఖర్చులు వ్రాయుట మానలేదు. బస్సు బాడుగ, తపాలా బిళ్ళ, వార్తాపత్రికకు పెట్టిన ఒకటి రెండు రాగి నాణెములు గూడ ఆ పుస్తకమున ఎక్కుచుండెను. ప్రతి రాత్రియు నిద్రించుటకు ముందు నిలువ తేల్చుచుండెను. పద్దు ముఖస్తుతి చేయదు. ఏ కోరికకు ఎంత వెల పడినదో అంకెలలో చూపును. అన్న పంపిన సొమ్ము ఎందులకు కరగుచున్నదో ఆ పుటలలో స్పష్టముగా కనబడెను.

అప్పుడు మోహనదాసు లెక్కలు కట్టెను. ఒక ఇంగ్లీషు కుటుంబముతో భోజనవసతులు కుదుర్చుకొనియుండుటచే వారము వారము బిల్లు కట్టవలెను. మర్యాదకై ఇంటివారిని అప్పుడప్పుడు విందులకు తీసికొనిపోవలెను. తాను బయట భుజించినను ఇంటి బిల్లు తగ్గదు. కావున ఆ ఇల్లు విడిచి స్వంతముగా రెండు గదులు తీసికొనెను. పని ఉన్న తావునకు అరగంటలో నడిచి పోగల చోటు చూచుకొనెను. బండి ఖర్చు తప్పెను. దినమునకు ఎనిమిది పది మైళ్ళ నడక అబ్బెను. దేహమునకు ఆరోగ్యము చేకూరెను. మొత్తము ఖర్చు సగమునకు దిగెను.

అంతటితో తృప్తి కలుగలేదు. తనకన్న పేదలైన విద్యార్థులు ఆ నగరముననే చదువుచున్నారని ఆతడు తెలిసికొనెను. వారిలో ఒకడు బీదల పేటలో వారమునకు రెండు షిల్లింగుల గదిలో ఉండి, చవుక అంగడిలో రెండు పెన్నీల కోకోతో, రొట్టెతో పూట గడుపుచుండెను. అతనితో పోల్చుకొనగా తన రెండు గదులు విలాసముగా తోచెను. వెంటనే ఒక్క గదికి మారెను. స్టౌ కొని ఉదయమున ఓటుధాన్యపు జావయు కోకోయు తానే కాచుకొనెను. వంటకు ఇరువది నిముషములు మించలేదు. మధ్యాహ్నము బయట భోజనము, రాత్రి ఇంట రొట్టెయు కోకోయు. తిండికి దినమునకు ఒక షిల్లింగు మూడు పెన్నీలు చాలెను. మిగిలిన కాలము చదువునకు వినియోగపడెను. న్యాయశాస్త్రముతో పాటు పూనిన లండను మెట్రిక్యులేషనులో లాటిను భాషలో ఒకమారు తప్పినను, రెండవమారు ఉత్తీర్ణుడయ్యెను.

ఇక్కడనే మనము గమనింపవలసిన విశేషమున్నది. ఈ మార్పుతో ఆతని జీవితము చప్పబడలేదు. లోపలి బ్రతుకునకును వెలుపలి బ్రతుకునకును పొత్తు కుదిరెను. కుటుంబపు స్తోమతకు తగినట్లు జీవించుచున్నానను నిశ్చింత కలిగెను. ఇంటి నుండి వచ్చు తీపి పదార్థములను, మసాలాలను మానెను. పూర్వము రిచ్‌మండులో ఉన్నపుడు రుచిలేదని తోచిన మసాలాలేని ఉడికిన పాలకూర ఇప్పుడు ఇంపుగా తోచెను. రుచికి నిజమైన స్థానము నాలుక కాదు, మనస్సు అని ఆతడు గ్రహించెను. పొదుపు ఆనందముగా మారిన క్షణమిదియే.

1891 జూన్ 10న బారిస్టరు పట్టము పొంది, 12న స్వదేశమునకు బయలుదేరెను. అయితే ఒకమారు నేర్చిన విద్య ఎల్లెడల నిలుచునను నమ్మకము లేదు. రాజకోటలో అన్నగారు తమ్ముని గొప్పకు తగినట్లు పింగాణీ పాత్రలతో, తేనీటితో, కాఫీతో ఇంటిని సిద్ధపరచియుండెను. వాని స్థానమున జావను, కోకోను ప్రవేశపెట్టగా, పాతవి పోక క్రొత్తవి అదనముగా చేరెను. లండనులో ఖర్చు తగ్గించిన జావయే రాజకోటలో ఖర్చు పెంచెను! పొదుపు వస్తువులో లేదు, వివేకములో ఉన్నది.

1893లో దక్షిణాఫ్రికాకు చేరిన పిమ్మట గాంధీజీ ఈ విద్యను మరల సాధన చేసిరి. చాకలి కూలి ఒక్కొక్కప్పుడు కాలరు ఖరీదంత అగుచుండుటచే చలువ చేయు విధానమును పుస్తకము చూచి నేర్చిరి. మొదటి కాలరుకు గంజి మితిమీరెను. న్యాయస్థానమున అది రాలుచుండగా తోటి న్యాయవాదులు నవ్విరి. ఆయనయు వారితో కలిసి నవ్విరి. 1912లో గోఖలే అక్కడకు వచ్చినపుడు, రానడే కానుకగా ఇచ్చిన ఉత్తరీయమును ఇస్త్రీ చేసి ఇచ్చి మెప్పు పొందిరి.

సొంత కాసుల లెక్క ప్రజాధనమునకును రక్షయయ్యెను. 1894లో స్థాపించిన నేటాలు ఇండియను కాంగ్రెసులో ప్రతి చందాకును రసీదు ఉండవలెను, ప్రతి పద్దును వ్రాయవలెను. లెక్కలు సరిగా లేని సంస్థలో సత్యము నిలువదని ఆయన విశ్వాసము.

అయితే ఈ మార్గమున ముండ్లు లేకపోలేదు. 1901లో ప్రజలిచ్చిన కానుకల నగలను సంఘసేవకై నిధిగా అప్పగింప నెంచినపుడు కస్తూరిబా కన్నీటితో ఎదిరించెను. కోడండ్రకు పనికివచ్చునని ఆమె వాదము. ఆమెకు ప్రత్యేకముగా ఇచ్చిన హారము సహితము ఆ నిధిలో చేరెను. పిమ్మట జోహాన్నెస్‌బర్గులో ఉన్న కాలమున, ఇకపై మిగులు ధనము ప్రజలదే గాని కుటుంబమునకు రాదని ఆయన అన్నగారికి వ్రాసిరి. తమ్ముని చదువునకై అప్పులపాలైన లక్ష్మీదాసు మనస్సు నొచ్చి ఉత్తరములు మానెను. అన్న సొమ్ము వృథా కారాదని మొదలైన పొదుపు అన్నకే దుఃఖకారణమగుట విధి వైచిత్ర్యము. తుదిదినములలో ఆయన తమ్ముని ఆశయమును మన్నించెను గాని, నడుమ గడచిన మౌనపు వేదన తక్కువది కాదు.

ఇంటి నుండి వచ్చు డబ్బుతో చదువుకొను విద్యార్థులు మన పాఠశాలలలో, కళాశాలలలో ఎందరో కలరు. ఆ డబ్బు వెనుక ఒక అన్నయో, తండ్రియో, తల్లియో ఉండును. మహాత్ముని త్యాగము అందరకును సాధ్యము కాకపోవచ్చును. రాత్రి పడుకొనబోవుటకు ముందు ఆనాటి ఖర్చులను దాపరికము లేక ఒక పుటలో వ్రాసికొనుట మాత్రము ఎవరికైనను సాధ్యమే. బారిస్టరు చదువు చదివిన మోహనదాసు మొదలు పెట్టినదియు అక్కడనే.