టంగుటూరి సూర్యకుమారి

టంగుటూరి సూర్యకుమారి (నవంబర్ 13, 1925 - ఏప్రిల్ 25, 2005) ప్రసిద్ధ తెలుగు గాయని, సినిమా నటి. ఈమె రాజమండ్రిలో జన్మించింది. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు ఈమెకు పెదతండ్రి.

సినిమా రంగం

1937లో విడుదలైన విప్రనారాయణ చిత్రంలో బాలనటిగా ప్రవేశించింది. నటీనటులు తమ పాటలు తామే పాడుకొనవలసిన ఆ కాలంలో ఈమె కంఠస్వరమే ఈమెకు అవకాశాలు తెచ్చిపెట్టింది. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో వచ్చిన రైతుబిడ్డ (1939), బి.ఎన్.రెడ్డి తీసిన దేవత (1941) ఈమె నటించిన చిత్రాలలో ముఖ్యమైనవి. 1952లో మిస్ మద్రాసుగా ఎన్నికైంది.

మా తెలుగు తల్లి గీతం

తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం లేని రోజులలో శంకరంబాడి సుందరాచారి "మా తెలుగు తల్లికి మల్లెపూదండ" గీతాన్ని దీనబంధు చిత్రం కొరకు రచించాడు. చిత్రంలో దానికి చోటు దక్కలేదు. సూర్యకుమారి పాడిన గ్రామఫోను రికార్డు ద్వారా అది ఇంటింటా మారుమ్రోగింది. తరువాతి కాలంలో అదే ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతమైంది.

విదేశాలలో

1961లో న్యూయార్కులో ప్రదర్శించిన రవీంద్రనాథ్ టాగూరు రాజా నాటకపు ఆంగ్ల రూపంలో రాణి సుదర్శన పాత్రను పోషించి, విమర్శకుల పురస్కారం అందుకొంది. అనంతరం లండనులో స్థిరపడి, ఇండియా పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ అనే సంస్థను స్థాపించి, భారతీయ సంగీత నృత్యాలను అక్కడివారికి పరిచయం చేసింది. చిత్రకారుడు, రచయిత హెరాల్డ్ ఎల్విన్‌ను వివాహమాడింది. తెలుగునాటికి రాష్ట్ర గీతాన్ని వినిపించిన ఈ గాయని తన జీవితంలో చివరి నాలుగు దశాబ్దాలు పరాయిదేశంలోనే గడిపి, లండనులో మరణించింది.