కౌంట్ జబరోవ్‌స్కీ: పాత చట్రము, కొత్త యంత్రము

ఫ్రాన్సు దేశమున నీస్ నగరమునకు ఎగువగా లా టర్బీ అను కొండయూరు కలదు. సముద్రతీరము నుండి ఆ యూరికి ఎక్కు దారి మెలికలు తిరుగుచు సాగును. 1903 ఏప్రిల్ 1వ తేదీన ఆ దారిపై జరిగిన మోటారు పందెములో ఎలియట్ జబరోవ్‌స్కీ అను ధనికుడు 60 అశ్వశక్తి గల మెర్సిడీస్ కారును నడుపుచు, ఒక మలుపు తిరుగలేక కొండరాతిని ఢీకొని మరణించెను. చొక్కాచేతి బొత్తము ఒకటి వేగమును శాసించు మీటకు తగులుకొనుటచే బండి నిదానింపలేదని ఒక కథ పుట్టినది. అది నిజమైనను కాకున్నను, ఆ కుటుంబమును విడువక వెంటాడినది. మృతుని కుమారుడు అప్పటికి ఎనిమిదేండ్ల బాలుడు. అతడే లూయీ జబరోవ్‌స్కీ.

లూయీ 1895 ఫిబ్రవరి 20న లండను నగరమున జన్మించెను. తండ్రి అమెరికాలో పుట్టిన పోలిష్ సంతతివాడు. పేరునకు ముందు కౌంట్ అను బిరుదమును ధరించెనుగాని, దానికి గల హక్కును చరిత్రకారులు సందేహింతురు. తల్లి మార్గరెట్, న్యూయార్కులో స్థలములపై స్థలములు సంపాదించిన ఆస్టర్ వంశమునకు చెందినది. ఆమె ఇంగ్లండులో కెంట్ మండలమున, కాంటర్‌బరీకి సమీపముననున్న హైయమ్ పార్క్ అను పెద్ద భవనమును కొని, 1911లో కన్నుమూసినది. పదునారేండ్ల వయస్సున తల్లిదండ్రులు లేని ఆ బాలునకు మిగిలినవి ఒక మహాభవనము, లెక్కకు మిక్కిలియైన ధనము, తండ్రిని మ్రింగిన మోటారు పందెములపై తీరని మక్కువ.

ధనము కలిగి, అడ్డు చెప్పువారు లేని యువకులు చెడిపోవుటకు దారులు పెక్కు గలవు. ఈతడు మాత్రము తన భవనపు ఆవరణలో కర్మాగారమును నెలకొల్పి, నూనెమరకల మధ్య దినములు గడపెను. ఆటబొమ్మలు కొనువాని వలె కార్లు కొనెనన్న మాట నిజమే. కాని కొన్న బొమ్మను విప్పి, లోపలి మరలను మార్చి, దానికి లేని శక్తిని తెచ్చిపెట్టవలెనని పాటుపడుట వట్టి ధనికుని లక్షణము కాదు.

మొదటి ప్రపంచయుద్ధము 1918లో ముగిసినది. ఆ నాలుగేండ్లలో కార్ల నిర్మాణము ఇంచుమించు నిలిచిపోగా, విమానయంత్రముల నిర్మాణము మాత్రము పరుగులెత్తినది. యుద్ధము ముగియగానే పరిస్థితి విచిత్రముగా మారినది. వేర్సాయి సంధి జర్మనీకి యుద్ధవిమానములు ఉండరాదని శాసించినది. విజేతలకు చిక్కిన యంత్రములు గిడ్డంగులలో పడియుండి, అవి చేయుటకైన వ్యయములో స్వల్పభాగమునకే అమ్ముడుపోసాగినవి. మరియొకవైపు యుద్ధమునకు మునుపటి పెద్ద పందెపుకార్లు, ఇనుపచట్రము చెక్కుచెదరకున్నను యంత్రము పాతబడి, ఎవరికిని పట్టక మూలబడియుండెను. ఆ రెండింటిని కలుపవచ్చునన్న ఊహ లూయీ ఒక్కనికే కలిగినది కాదు. యుద్ధమునకు ముందు సైతము కొందరు దానిని ప్రయత్నించియుండిరి. కాని ఈతడు చేసినంత భారీగా చేసినవారు అరుదు.

ఈ పనిలో ఆతనికి కుడిభుజమైనవాడు కెప్టెన్ క్లైవ్ గాలప్. యుద్ధకాలమున వైమానికదళములో పనిచేసి, తరువాత బెంట్లీ కంపెనీ తొలియంత్రపు రూపకల్పనలో పాలుపంచుకొన్న ఇంజనీరు. ఉత్సాహము యజమానిది, లెక్క గాలప్‌ది అని చెప్పిన తప్పుకాదు. వీరిరువురును యుద్ధపూర్వపు మెర్సిడీస్ చట్రమొకటి తీసికొని, దానిని పొడిగించి, అందులో మేబాఖ్ కర్మాగారపు ఆరు సిలిండర్ల యంత్రమును దింపిరి. ఆ కర్మాగారము జెప్పెలిన్ వాయునౌకలకు యంత్రములు చేసి ప్రసిద్ధి కెక్కినది. యంత్రపు పరిమాణము 23 లీటర్లు. నేటి మన చిన్నకార్లలో పెక్కింటి యంత్రము ఒక లీటరు, లేదా కొంచెము ఎక్కువ. ఆ దినములలో లోకమంతట తిరుగుచున్న ఫోర్డ్ టి కారు యంత్రము మూడు లీటర్లకు లోపే. అనగా ఈ మేబాఖ్ యంత్రపు ఒక్కొక్క సిలిండరు, ఒక ఫోర్డుకారు యంత్రమంతటికంటె పెద్దది! శక్తి సుమారు 300 అశ్వశక్తులు.

విమానపు యంత్రమును తెచ్చి కారులో బిగించుట, ఒక కుండలోని నీరు మరియొక కుండలో పోసినట్టి పని కాదు. విమానపు పంకా అతివేగముగా తిరిగినచో దాని కొసలు గాలిని పట్టవు. అందుచేత ఆ కాలపు విమానయంత్రములు నిమిషమునకు ఇంచుమించు 1,500 చుట్లు మాత్రమే తిరుగునట్లు చేయబడెను. బలము చుట్ల వేగము వలన గాక, సిలిండర్ల పెద్దతనము వలన వచ్చును. అట్టి నిదానపు యంత్రముతో కారు వేగముగా పోవలెనన్న, యంత్రము ఒక చుట్టు తిరుగునప్పుడు చక్రము తిరుగవలసిన లెక్కను పూర్తిగా మార్చవలెను. పాత మెర్సిడీస్ బండ్లలో వెనుక చక్రములను సైకిలు వలె గొలుసులు త్రిప్పెడివి. పండ్లచక్రమును మార్చినచో లెక్క మారును. గొలుసు బండినే ఎన్నుకొనుటలోని సౌకర్యము ఇది. మరియొక చిక్కు కలదు. విమానములో పంకాయే బరువుచక్రముగా పనిచేసి యంత్రపు కుదుపును మింగును. యంత్రమును చక్రముల నుండి విడదీయు క్లచ్చి అవసరమే అక్కడ లేదు. కారులో ఈ రెండింటిని కొత్తగా కల్పింపవలెను. ఇక అంత పెద్ద యంత్రమును నేలపై చల్లార్చుటకు పెద్ద రేడియేటరు కావలెను.

ఇన్ని మార్చినను మారనివి కొన్ని మిగిలినవి. బ్రేకులు వెనుకవైపుననే, ముందు చక్రములకు లేవు. టైర్లు ఆ కాలపు రబ్బరు, ఆ కాలపు నూలుగుడ్డ. యంత్రపు శక్తి అనేక రెట్లు పెరిగినది గాని, బండిని ఆపుశక్తి, నేలను పట్టుశక్తి దానితో సమానముగా పెరుగలేదు.

ఆ బండికి చిట్టీ బాంగ్ బాంగ్ అని పేరు పెట్టిరి. యంత్రము చేయు చప్పుడును బట్టి వచ్చినదని కొందరు, సైనికులు పాడుకొన్న ఒక మోటుపాట నుండి వచ్చినదని కొందరు చెప్పుదురు. తెలుగు చెవికి చిట్టి యనగా ముద్దుగా చిన్నది. ఈ చిట్టి మాత్రము ముందుభాగమే ఒక కారంత పొడవు గల భూతము. 1921 ఈస్టరు పండుగనాడు సర్రే మండలములోని బ్రూక్లాండ్స్ పందెపుబాటపై అది మొదటిసారి కనిపించినది. బ్రూక్లాండ్స్ 1907లో కాంక్రీటుతో కట్టిన బాట. మలుపుల వద్ద గిన్నె అంచు వలె ఎత్తుగా వాలియుండుటచే, బండి వేగము తగ్గింపకయే తిరుగవచ్చును. గళ్లటోపీలు పెట్టుకొని జబరోవ్‌స్కీ బృందము దిగగా జనము నవ్విరి. చిట్టీ ఆ దినమున రెండు పందెములు గెలిచినది. ఒకదానిలో సరాసరి వేగము గంటకు నూరు మైళ్లు దాటినది. నవ్వినవారే తరువాత టిక్కెట్లు కొని దానిని చూడవచ్చిరి.

దాని వెనుకనే రెండవ చిట్టీ వచ్చినది. దానిలో బెంజ్ విమానయంత్రము, సుమారు 19 లీటర్లది. అది పందెములకంటె ప్రయాణములకు ఎక్కువ ఉపయోగపడెను. 1922 తొలి దినములలో లూయీ తన భార్యతోను మిత్రులతోను దానిలో మధ్యధరా సముద్రము దాటి, సహారా యెడారి అంచు వరకు పోయి వచ్చెను. పందెపుబాటపై తప్ప నిలువదనుకొన్న బండి ఇసుకదారులలో అంతదూరము పోయి తిరిగి వచ్చుట గాలప్ లెక్కలకు గొప్ప పరీక్షయే. మూడవది మెర్సిడీస్ విమానయంత్రముతో చేయబడి, లూయీ సొంతవాడుకకు మిగిలినది.

మొదటి చిట్టీ కథ 1922లో మలుపు తిరిగినది. బ్రూక్లాండ్స్‌లో మహావేగమున పోవుచుండగా ముందు టైరు పేలి, బండి అదుపు తప్పి, కాలము లెక్కించువారి గుడిసెను ఢీకొని దూసికొనిపోయెను. లూయీకి గాయము కాలేదు. అక్కడ పనిలోనున్న ఒక ఉద్యోగి చేతివేళ్లు పోయినవి. జీవితచరిత్రలు ఈ సంఘటనను సాహసపుటంకముగా వర్ణించుట పరిపాటి. కాని ఆ బండి శక్తికి తగని టైరునకు మూల్యము చెల్లించినవాడు, దానిని కట్టినవాడు గాని నడపినవాడు గాని కాదు. బాట ప్రక్కన గడియారము చూచుచున్నవాడు. లూయీ ఆ బండిని మరల పందెమునకు దింపలేదు. తరువాత అది షెర్లాక్ హోమ్స్ కథలు వ్రాసిన కానన్ డాయిల్ కుమారుల చేతికి పోయి, తుదకు విడగొట్టబడినది.

భూతములతో ఆడుకొనుచునే ఆతడు చిన్నయంత్రములపై దృష్టి నిలిపెను. ఆస్టన్ మార్టిన్ కంపెనీ నిలదొక్కుకొనలేక తడబడుచున్న కాలమున ధనమిచ్చి ఆదుకొని, వారి ఒకటిన్నర లీటరు కార్లను గ్రాండ్ ప్రీ పందెములకు సిద్ధపరపించెను. 1922లో స్ట్రాస్‌బర్గ్ వద్ద జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో తానొకటి, గాలప్ మరియొకటి నడపిరి. రెండును గమ్యము చేరలేదు. 1923లో అమెరికాకు పోయి ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెమున బుగాటీ నడపెను; అదియు నడుమనే ఆగెను. అయినను అదే సంవత్సరము స్పెయిన్ దేశపు సిట్జెస్ బాటపై అమెరికన్ మిల్లర్ కారుతో రెండవస్థానము సాధించెను. 23 లీటర్ల యంత్రము నడపిన చేయియే రెండు లీటర్ల యంత్రమును నడపినది. సామర్థ్యము బండిది మాత్రమే కాదని అప్పుడు పందెపు లోకము గుర్తించినది.

బొమ్మరైళ్ల పిచ్చియు ఆతనికి కలదు. హైయమ్ ఆవరణలో 15 అంగుళముల వెడల్పుగల పట్టాలు వేయించి రైలు నడపెను. మిత్రుడు కెప్టెన్ హౌవీతో కలసి ప్రజలు ప్రయాణింపదగిన నిజమైన చిన్నరైలుమార్గము కట్టవలెనని తలచి, రెండు ఆవిరియింజనులకు ఉత్తరువు పంపెను. అవి తయారై వచ్చుసరికి ఆతడు లేడు. హౌవీ వాటితో కెంట్ తీరమున నిర్మించిన రోమ్నీ, హైత్, డిమ్‌చర్చ్ రైలుమార్గము 1927లో ప్రారంభమయ్యెను.

1924లో మెర్సిడీస్ కంపెనీవారు ఆతనిని తమ జట్టులో చేర్చుకొనిరి. తండ్రి ప్రాణము తీసిన పేరు గల బండినే కుమారుడు కోరి ఎక్కెను. అక్టోబరు 19న ఇటలీలోని మోంజా బాటపై, లెస్మో అను మలుపు వద్ద, ఆతని కారు బాట తప్పి చెట్టును ఢీకొట్టెను. లూయీ మరణించెను. వయస్సు 29. మెర్సిడీస్ జట్టు మిగిలిన కార్లను పందెము నుండి విరమించుకొన్నది. ఆ దినమున ఆతడు తండ్రి చొక్కాబొత్తములనే ధరించియుండెనని చెప్పుదురు. అంతటి పొందిక గల కథలను నమ్ముటకు జంకవలెను. నిజమునకు ఇంతకంటె వింతయైనది వేరొకటి కలదు. విమానయంత్రములు బిగించిన పాతచట్రములు ఆతనిని ప్రాణముతో విడిచినవి. ఒక గొప్ప కర్మాగారము, చట్రమునకు తగిన యంత్రమును, యంత్రమునకు తగిన బ్రేకులను కూర్చి కట్టిన రెండు లీటర్ల బండిలో ఆతడు మరణించెను. తల్లిదండ్రుల చెంతనే లెస్టర్‌షైర్‌లోని బర్టన్ లాజర్స్ గ్రామపు చర్చి ఆవరణలో ఆతనిని సమాధి చేసిరి.

మరణించునాటికి హైయమ్ కర్మాగారములో మరియొక బండి పూర్తికాక నిలిచియుండెను. అన్నిటికంటె పెద్దది. దానిలో అమెరికావారు 1917లో యుద్ధమునకై రూపొందించిన 12 సిలిండర్ల లిబర్టీ విమానయంత్రము: 27 లీటర్లు, 450 అశ్వశక్తులు. యుద్ధపూర్వపు బెంజ్ పందెపుకారు నుండి తీసిన గేరుపెట్టె, గొలుసులు దానికి అమర్చిరి. లేలండ్ కంపెనీలో ప్రధాన ఇంజనీరుగా పనిచేసిన పారీ థామస్ ఆ బండిని 125 పౌనులకు కొనెను. మనిషి వేరు, పద్ధతి వేరు. యంత్రమునకు తాను గీసిన పిస్టనులు వేయించి, నాలుగు కార్బురేటర్లు అమర్చి, పైతొడుగును గాలికి అనుకూలముగా మార్చి, బాబ్స్ అని పేరు మార్చెను. 1926 ఏప్రిల్ 28న వేల్స్ దేశపు పెండైన్ ఇసుకతీరమున బాబ్స్ గంటకు 171.02 మైళ్ల వేగముతో పోయి, భూమిపై అంతవరకు ఏ కారును పోనంత వేగమును అందుకొన్నది.

1927 ఫిబ్రవరిలో మాల్కమ్ కాంప్‌బెల్ అదే తీరమున ఆ రికార్డును దాటెను. ఆతని బండిలోనిదియు విమానయంత్రమే. దానిని తిరిగి గెలువగోరి థామస్ మార్చి 3న బాబ్స్‌ను మరల ఇసుకపైకి తెచ్చెను. మహావేగమున బండి దొర్లిపడి థామస్ మరణించెను. భూతలవేగపు రికార్డుకై ప్రయత్నించుచు ప్రాణము విడిచిన మొదటివాడు ఆతడే. గొలుసు తెగి ఆతని తలకు తగిలినదని లోకము నాలుగు దశాబ్దములు నమ్మినది. బండిని ఆ తీరముననే ఇసుకలో పూడ్చివేసిరి.

1969లో వేల్స్ దేశపు ఇంజనీరు ఓవెన్ విన్ ఓవెన్ అనుమతి సంపాదించి, ఆ చోటు త్రవ్వించి, తుప్పుపట్టిన బాబ్స్‌ను వెలికితీసెను. భాగములను పరిశీలించినవారు నేరము గొలుసుది కాదనియు, వెనుక కుడిచక్రము విరుగుటయే కారణము కావచ్చుననియు తేల్చిరి. లిబర్టీ యంత్రమునందు దోషమేమియు చెప్పలేదు. ఓవెన్ ఏండ్ల తరబడి శ్రమించి బండిని బాగుచేయగా, హైయమ్ కర్మాగారములో ఆగిపోయిన ఆ యంత్రము మరల మ్రోగినది.