ఫ్రాన్సు విముక్తి సేనాని - ఐసెన్‌హోవర్

రెండవ ప్రపంచ యుద్ధం అనగానే మనకు హిట్లర్, చర్చిల్ పేర్లు గుర్తుకొస్తాయి. హిట్లర్ సైన్యం 1940లో ఆక్రమించుకున్న ఫ్రాన్సును విడిపించిన మిత్ర సేనల నాయకుడు డ్వైట్ ఐసెన్‌హోవర్ గురించి మనం తక్కువగా చదువుకుంటాం.

ఆయన 1890 అక్టోబర్ 14న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో జన్మించారు. పెరిగింది కాన్సాస్ రాష్ట్రంలోని అబిలీన్ అనే చిన్న పట్టణంలో. తండ్రి డెయిరీలో మెకానిక్‌గా పని చేసేవారు. ఇంట్లో ఆరుగురు అన్నదమ్ములు. హైస్కూలు అయ్యాక, అన్న ఎడ్గార్ కాలేజీ ఖర్చుల కోసం ఈయన అదే డెయిరీలో పనిచేశారు. తరువాత ఫీజు లేని చదువు కోసం పరీక్ష రాసి, 1911లో వెస్ట్‌పాయింట్ సైనిక కళాశాలలో చేరారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయనను యుద్ధరంగానికి పంపలేదు. పదేళ్లకు పైగా మేజర్‌గానే ఉండిపోయారు.

అలాంటి వ్యక్తిని 1943 డిసెంబర్‌లో మిత్ర సేనలకు సర్వసైన్యాధిపతిగా నియమించారు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఫ్రాన్సు, పోలెండ్ సైనికులను ఒక్క మాట మీద నడపాలి. సేనానులేమో ఒకరంటే ఒకరికి పడదు! శత్రువుతో పోరాటం కంటే ఇదే కష్టమేమో అనిపిస్తుంది.

సముద్రం దాటి ఫ్రాన్సులోని నార్మండీ తీరంలో దిగడానికి 1944 జూన్ 5ను నిర్ణయించారు. తుఫాను వచ్చింది. ఒక రోజు వాయిదా వేశారు. 6వ తేదీన వాతావరణం కొంత తెరిపి ఇస్తుందని నిపుణులు చెప్పడంతో బయలుదేరమని ఆజ్ఞ ఇచ్చారు. ఆ సాయంత్రం, పారాచూట్లతో దూకబోయే 101వ డివిజన్ సైనికుల దగ్గరకు వెళ్లి పలకరించారు. వారిలో చాలామంది తిరిగి రారని ఒక ఉన్నతాధికారి ముందే హెచ్చరించారు. దాడి విఫలమైతే తప్పంతా తనదేనని ఒక చీటీ రాసి జేబులో పెట్టుకున్నారు. దాని అవసరం రాలేదు. జూన్ 6న సుమారు 1,56,000 మంది నార్మండీలో దిగారు. ఆ ఒక్కరోజే మిత్ర సైనికులు 4,000 మందికి పైగా చనిపోయారు. ఆ పోరులో బాంబులకు బలైన ఫ్రాన్సు ప్రజలూ వేలల్లో ఉన్నారు. ఆగస్టు 25న పారిస్ విముక్తి పొందింది. నగరంలోకి మొదట ఫ్రెంచి దళాలనే పంపించారు. 1945 మే 7న జర్మనీ లొంగిపోయింది.

1953 నుండి 1961 వరకు ఆయన అమెరికా అధ్యక్షుడు. 1959లో మన దేశానికీ వచ్చారు. నల్లజాతి వారి హక్కుల విషయంలో ఆయన తడబడిన మాట నిజం. ఆయన నడిపిన సైన్యంలోనే వారిని విడిగా ఉంచేవారు. కానీ 1957లో లిటిల్ రాక్ పట్టణంలో తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులను అక్కడి హైస్కూలులోకి రానివ్వకపోతే, వారిని తరగతి గది వరకు తీసుకెళ్లడానికి ఆయన పంపింది అదే 101వ డివిజన్‌ను.

1969 మార్చి 28న మరణించారు. సాధారణ సైనికుడికి ఇచ్చే 80 డాలర్ల శవపేటికలోనే ఆయనను అబిలీన్‌లో సమాధి చేశారు.