సర్ రొనాల్డు రాస్ గారి జీవితము
రొనాల్డు రాస్ గారు 1857లో ఆల్మోరాలో జన్మించి, వైద్యవిద్య ముగించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసున ప్రవేశించిరి. మలేరియా చెడుగాలివలన గలుగునని బహుకాలముగా జనుల నమ్మకము. రాస్ గారు సికిందరాబాదులో అనేక దినములు దోమలను కోసి పరీక్షించి, 1897 ఆగష్టు 20వ తేదీన, హుసేన్ ఖాన్ అను రోగి రక్తము త్రాగిన దోమ కడుపులో ఆ రోగబీజమును కనుగొనిరి. మరుసటియేట కలకత్తాలో పిట్టలయందు పరిశోధించి, వాటి మలేరియాను దోమకాటే వ్యాపింపజేయునని రుజువుపరచిరి. 1902లో నోబెల్ బహుమానము నొందిరి.

అయినను, జ్ఞానము గ్రంథములయందే యుండినచో జ్వరము తగ్గునా? అందుచే ఆయన సియెర్రా లియోను, ఈజిప్టు, మారిషసు దేశములకు బోయి, నిలువనీటిని తొలగించి దోమల నరికట్టు విధమును బోధించిరి. 1932లో దివంగతులైరి.

బాలబాలికలారా! చెరువులు, కుంటలు గల మన భూపాలపల్లి సీమలో ఆ పాఠమింకను ముగియలేదు. పెరటిలోని పగిలిన కుండయందు నీరు నిలువకుండ జూచుట మీ వంతు.